గంజి పట్టిన అంకె

కిందటి వారం సింధూజను కోరుట్ల బస్టాండులో, ఒక చేతికి ముంజల సంచి, ఇంకో చేతికి ఫోను ఇచ్చి, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఫోనులో కొట్టాల్సింది ఒకే ఒక్క మాట, ‘సరే’ అని. ఆ ఒక్క మాటకు అరగంట పట్టింది. వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు వచ్చి, కండక్టరు కేక వేసి, ఎక్కి కూర్చున్నాక కళ్లు మూసుకుని పంపేసింది.

ఆ ‘సరే’కు అంత బరువు ఎందుకంటే, దాని వెనక మూడేళ్ల పని ఉంది. హైదరాబాదులో ఏసుబాబు గారనే ప్రొఫెసరు దగ్గర సింధూజ, ముత్యంపేట నుంచి వచ్చిన హరీశ్, ఇద్దరూ కలిసి ప్రోటాన్ ఎంత ఉంటుందో కొలుస్తున్నారు. మిల్లీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, దాని వ్యాసార్థం అందులో ఒక్క ముక్కకు కూడా తక్కువే. కంటితో చూసేది కాదు, గీటుకర్రతో కొలిచేది కాదు. అందుకని జర్మనీలో ఒక ప్రయోగశాలకు పోయి, గడ్డకట్టించే చలిలో ద్రవంగా మారిన హైడ్రోజన్ మీదికి నలభై రోజులు ఎలక్ట్రాన్లను కొట్టి, ఎన్ని ఎంత పక్కకు తిరిగిపోయాయో లెక్కపెట్టి తెచ్చుకున్నారు. ఆ చెదిరిన తీరును బట్టి తగిలిన వస్తువు ఎంతదో తేల్చాలి.

లెక్క తేలింది. జవాబు మాత్రం లెక్క కట్టినవాళ్లకే తెలియదు. ఏసుబాబు సారు మొదటిరోజే అందులో ఒక రహస్య సంఖ్యను కలిపేసి, దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి అతికించి బీరువాలో దాచేశాడు. జవాబు ముందే కనబడితే చెయ్యి తెలియకుండానే అటు వంగుతుందని ఆయన భయం. ముగ్గురూ సరే అన్నాకే కవరు చింపాలి. చింపాక ఒక్క చుక్క కదిపినా, నచ్చిన జవాబు కోసం దిద్దుకున్నారనే మాట పడుతుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా. కల్లు గీసే మల్లేశం బిడ్డ సింధూజకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆమె బస్సెక్కిన ఈ ఆదివారమే సాయంత్రం నాలుగింటికి కవరు తెరుస్తారు. గురువారం హరీశ్‌కు ఉద్యోగపు ఇంటర్వ్యూ. ఆ జవాబును చేతిలో పట్టుకునే అతను పోవాలి.

అంతా బాగానే ఉంది. ఒక్కటే నలుసు. మొదటిరోజు చూసిన ఒక కోణాన్నే చివరిరోజు మళ్లీ చూస్తే, వచ్చిన ఎలక్ట్రాన్లు వందకు అర పాలు ఎక్కువ తేలాయి. ఎందుకో అంతుపట్టలేదు. “అర పాలుకు గింత ఆగమెందుకే, వదిలెయ్” అన్నాడు హరీశ్. చివరి మూడు రోజులు జ్వరంతో మంచం మీద ఉన్న సింధూజ పని కూడా తానే చేసి, కళ్లు గుంటలు పడేదాకా యంత్రాల ముందు కూర్చున్న మనిషి అతను. ఆ రుణం తలుచుకుని ఆమె వదిలేసింది. కానీ నలుసు కంట్లోనే ఉంది.

సిరిసిల్లలో దిగి సందులోకి తిరగ్గానే సాంచెల చప్పుడు ఎదురొచ్చింది. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఆ చప్పుడులో మాట్లాడి మాట్లాడి ఊళ్లో వాళ్లందరి గొంతూ ఒక మెట్టు పైనే ఉంటుంది. సింధూజ చూడ్డానికొచ్చిన పాత గురువు శంకరయ్య సారు భార్య నర్సవ్వది రెండు మెట్లు.

“అచ్చినవా బిడ్డా! ఎండ ఎట్ల మండుతాందో సూడు. మొకం అంత మాడిపాయె. అగో, మళ్ల గా సంచి మోసుకచ్చినవా? మీ నాయినకు చెప్పినా ఇనడు గద!”

“మొదటి గెల అమ్మా. మీకు పంపందే మా ఇంట్ల ఎవ్వరు ముట్టరు” అంది సింధూజ, సంచి దించి చేతులు విదిలించుకుంటూ.

అది నిజమే. మల్లేశానికి దేవుడి దగ్గర ఎన్ని మొక్కులున్నాయో తెలియదు గానీ, మనుషుల దగ్గర ఒకటే. ఏటా ఎండాకాలంలో తన చెట్లకు కోసిన మొదటి ముంజల గెల శంకరయ్య సారు ఇంటికి చేరాలి. కోరుట్ల జూనియర్ కాలేజీలో సింధూజకు ఫిజిక్స్ చెప్పిన సారు ఆయన. రిటైరై సొంతూరు సిరిసిల్ల వచ్చేసినా మొక్కు తప్పలేదు. బస్సెక్కి, ఎండలో నడిచి, పదకొండేళ్లుగా గెల వస్తూనే ఉంది.

నర్సవ్వ కత్తిపీట వేసుకుని కాయలు కొట్టి, ముంజలు తీసి పళ్లెంలో పోసింది. సింధూజ బొటనవేలితో తోలు తీసి రెండు నోట్లో వేసుకుంది. గొంతులో చల్లగా దిగాయి. సారు మాత్రం ఒక ముంజను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన ప్రతి ఏడూ అట్లాగే చేస్తాడు. చల్లారాల్సిన వస్తువు కాదు కదా అని సింధూజ ఎన్నోసార్లు అనుకుంది, ఎప్పుడూ అడగలేదు.

“కవరు గీ రోజేనా తెరిచేది?” అన్నాడు సారు.

“నాలుగింటికి సార్. నేను సరే అని పంపిన. కానీ సార్, దానికన్న ముందుగాల మీకు ఒకటి చూపెట్టాలె.”

బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. సింధూజ రాసిన థీసిస్‌లో మొదటి పేజీ అది. పైన సారు పేరు. కింద ఒకే వాక్యం: ‘నా మొదటి కొలతను నా చేత చేయించినవారికి.’ దాని కింద, చిన్న అక్షరాల్లో ఆ కొలత. 0.17 మిల్లీమీటర్లు.

ఆ అంకె వెనక ఉన్న కథ కోరుట్లలో చాలామందికి తెలుసు. ఇంటర్ మొదటి సంవత్సరంలో సారు ఒక తాళాలగుత్తికి వేలాడే ఎర్ర లేజరు లైటు తెచ్చి, దాని ముందు ఒక నూలుపోగును నిలబెట్టి, ఎదురుగోడ మీద చూడమన్నాడు. పోగు నీడ పడాల్సిన చోట ఎర్రచుక్కలు వరసగా పరుచుకున్నాయి. “పోగు ఎంత సన్నగుంటె చుక్కలు గంత దూరం జరుగుతయ్. చుక్కల నడుమ ఎడం కొలువు, పోగు లావు ఎంతనో అదే చెప్తది. పోగును ముట్టుడే అక్కర లేదు” అన్నాడు. ముట్టకుండా కొలవడం! ఆ మాటకు పదహారేళ్ల పిల్లకు ఒళ్లు పులకరించింది. ఇవాళ ప్రోటాన్ దగ్గర ఆమె చేస్తున్నదీ అదే పని. పోగు చోట ప్రోటాన్, వెలుగు చోట ఎలక్ట్రాన్లు, గోడ చోట పెద్ద పెద్ద యంత్రాలు, అంతే.

ఆ ఏడు జగిత్యాలలో జరిగిన సైన్స్ ఫెయిర్‌లో సింధూజ చార్టు పెట్టింది. ‘నలభై నంబరు నూలు మందం: 0.17 మి.మీ.’ చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి నమ్మక, స్క్రూగేజీ తెప్పించి అదే పోగును తానే కొలిచాడు. సరిగ్గా అంతే వచ్చింది. మొదటి బహుమతి ఇచ్చారు. పేపర్లో ఫొటో పడింది. అప్పటికి మల్లేశం చెట్టు మీంచి పడి, కాలు విరిగి, నాలుగు నెలలుగా మంచంలో ఉన్నాడు. తల్లి మొగిలవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడుపుతూ, బిడ్డను చదువు మాన్పించి బీడీల కంపెనీలో ప్యాకింగుకు పంపడానికి మాట కూడా ఇచ్చింది. ఫొటో చూసిన మల్లేశం మంచంలో లేచి కూర్చుని, “నేను మళ్ల చెట్టు ఎక్కుత. దాన్ని సదువనియ్యి” అన్నాడు. ఎక్కాడు కూడా. సింధూజ బతుకు అక్కడ మలుపు తిరిగింది.

కాగితం చదివిన శంకరయ్య సారు కళ్లద్దాలు తీసి లుంగీ కొసతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. కాగితం తిరిగి ఇచ్చేశాడు.

“నా పేరు ఉంచుతవో తీసేస్తవో నీ ఇష్టం బిడ్డా. గా అంకె మాత్రం తీసెయ్.”

“ఎందుకు సార్?”

“అది తప్పు.”

సారు పరాచికమాడుతున్నాడనుకుని సింధూజ నవ్వింది. “తప్పెట్లయితది సార్? రెండు తీర్ల కొలిచినం గద. లైటుతోని ఒకపారి, స్క్రూగేజీతోని ఒకపారి. రెండు ఒక్కటే అచ్చినయ్.”

“అచ్చినయ్. రెండు కలిసి ఒక్క తప్పునే కొలిచినయ్.” సారు నవ్వలేదు. “గా పోగు ఏడికెళ్లి అచ్చిందో యాదికున్నదా?”

“మీరే తెచ్చిండ్రు. అమ్మ కాయితంల సుట్టి పంపింది.”

“సాంచె కాడ తెగిపడ్డ పోగులు అవి. పడుగు పోగులు, మగ్గం మీద నిలువుగ పరిచేటియి. పడుగుకు గంజి పెట్టంది సాంచె ఎక్కుతదా బిడ్డా? అట్లనే ఎక్కిస్తె రాపిడికి పటపట తెగుతది. నువ్వు కొలిచింది ఒట్టి నూలు కాదు, దాని మీద పట్టిన గంజి సుత కొలిచినవ్. కల్లు గీసే ఇంటి పిల్లవు, నీకేం తెలుసు? స్క్రూగేజీ తెచ్చిన పెద్దమనిషికి సుత తెల్వదు. నాకు తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది సార్?”

“నువ్వు స్టేజి ఎక్కకముందే. చార్టు సూడంగనే గుండెల రాయి పడ్డట్టయింది. నలభై నంబరు నూలు గంత లావుంటదా? సాలె ఇంట్ల పుట్టినోన్ని, నాకు తెల్వదా? నీ పేరు పిలిచిండ్రు. నేను కుర్సీల కెళ్లి లేచిన. మళ్ల కూసున్న.”

సింధూజ చెవులు వేడెక్కాయి.

“పదకొండేండ్లు సార్! ఏడ మాట్లాడినా గా అంకెనే చెప్పిన నేను. సీటు కోసం ఇంటర్వ్యూల చెప్పిన. జర్మనీల అందరి ముంగట నిలబడి చెప్పిన. నా మొదటి కొలత, రెండు తీర్ల సరిపోయిందని గొప్పలు పోయిన. ఒక్కపారి, ఫోన్లనన్నా, ఒక్క మాట చెప్పుడు కాలేదా మీకు?”

ఆమె సారు ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి. సారు తల ఎత్తలేదు.

“చెప్పాలనే బయలెల్లిన, పేపర్ల ఫొటో పడ్డ మర్నాడే. మీ ఇంటికచ్చిన. మీ నాయిన మంచంల కూసోని గా ఫొటోను పలక మీద అంటుపెడుతుండు. నా రెండు చేతులు పట్టుకున్నడు. ఏం చెప్పుమంటవు బిడ్డా? అటెన్క ఏడాదికేడాది ఇంకింత కష్టమాయె. ప్రతి ఎండకాలం గెల అచ్చి వాకిట్ల పడుతది. ముంజ గొంతు దిగకపోయేది నాకు. తినకుంటె ఈమె అడుగుతది. తింటె నేను నన్నడుగుత.”

“నేనెందుకు అడుగుత? సెప్పకుమన్నదే నేను!” నర్సవ్వ కత్తిపీట మీంచి లేచింది. “నన్ను తిట్టు బిడ్డా, ఆయన్ను కాదు. గీ సారుకు రాత్రి నిద్రలేదు, సెప్పాలె సెప్పాలె అని ఒకటే గోస. నేనే అన్న, గంజి నీళ్లల్ల ఏస్తె పోతది, గా పిల్ల సదువు పోతె మళ్ల అస్తదా అని.”

నోట్లో నువ్వుగింజ నానదని సందంతా పేరుపడ్డ ఆడమనిషి నర్సవ్వ. ఆమె ఒక ముచ్చటను పదకొండేళ్లు నాననిచ్చిందంటే, ఎంత బరువు మోసిందో సింధూజకు అప్పుడు తెలిసింది. కోపం పూర్తిగా పోలేదు. కానీ దాని కింద నుంచి ఇంకేదో పొంగుకొచ్చింది. తన కోసం ఇద్దరు పెద్దమనుషులు, ఒక అబద్ధాన్ని ఇంట్లో పెట్టుకుని ఇన్నేళ్లు దానితో కాపురం చేశారు. బీడీల కంపెనీలో అట్టపెట్టెల ముందు కూర్చోవాల్సిన తను ఇక్కడ కూర్చుని కోప్పడుతోందంటే, అది వీళ్లు పెట్టిన భిక్షే.

ఒక ముంజ తీసుకుని, తోలు శుభ్రంగా ఒలిచి, సారు అరచేతిలో పెట్టింది.

“తినుండ్రి సార్. మా నాయిన గెల పంపేది గా అంకెకు కాదు. కొలవాలె అనే పిచ్చి నాకు పట్టించినందుకు. అంకె తప్పు కావచ్చు. పిచ్చి తప్పు కాదు.”

సారు నోట్లో పెట్టుకున్నాడు. నమిలినంతసేపూ ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు. నర్సవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “ఉప్పు లేకుండనే ఉప్పగయితయ్ గా ముంజలు” అని విసుక్కుని లోపలికి పోయింది.

“ఇగ మళ్ల కొలుద్దాం సార్. లైటు ఉన్నదా?”

ఉండకేం. టేబులు సొరుగులో, గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టారు. నర్సవ్వ వెనక షెడ్డులోంచి, సాంచె మీద నడుస్తున్న పెటికోట్ గుడ్డ పడుగులోంచి ఒక తెగిన పోగు, అదే నలభై నంబరుది, తెచ్చింది. ముందు దాన్ని అట్లాగే నిలబెట్టి గోడ మీద చుక్కల ఎడం కొలిచారు. లెక్క కడితే 0.17. పాత అంకే.

తర్వాత నర్సవ్వ పోగును వేడినీళ్లలో ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలిపింది. బజారులో గుడ్డ కొనేటప్పుడు సిరిసిల్ల ఆడవాళ్ల చెయ్యి దానంతటదే చేసే పని అది. గుడ్డ అంచును నలిపి, తెల్లపొడి రాలితే, ఇందులో నూలు ఎంత, గంజి ఎంత అని అమ్మేవాడి మొహాన్నే అడుగుతారు. నీళ్లు తెల్లబడ్డాయి. పోగును ఆరబెట్టి లైటు ముందు పెట్టగానే గోడ మీద చుక్కలు ఎడంగా జరిగి నిలబడ్డాయి. 0.15.

“అగో, గదీ అసలు నూలు” అన్నాడు సారు. పదకొండేళ్ల తర్వాత ఆయన గొంతు తేలికపడింది.

“సరే సార్, కడిగితె తెలిసింది. కడుగరాని పోగయితె ఎట్ల? గంజి ఎంతున్నదో ఎట్ల తెలుస్తది?”

“గందుకే పెట్టకముందు ఒకపారి కొలవాలె, పెట్టినంక ఒకపారి కొలవాలె. రెండు పక్కపక్కన పెట్టి సూడాలె. ముందుగాల ఒక్కపారి కొలిచి, ఇగ అంతే అని ఊకుంటె, నడుమ ఎక్కిందంత నూలు లెక్కల్నే పడుతది.”

సింధూజ లైటు ఆర్పేసింది. గోడ మీద చుక్కలు పోయాయి.

‘ఖాళీ పాత్రను మేం సుత ఒక్కపారే కొలిచి ఊకున్నం’ అనుకుంది.

హైడ్రోజన్‌ను ఊరికే గాలిలో పెట్టరు. పలచటి రేకు కిటికీలున్న చిన్న పాత్రలో పోస్తారు. ఎలక్ట్రాన్లు హైడ్రోజన్‌కే కాదు, ఆ కిటికీలకూ తగిలి చెదురుతాయి. అందుకని పాత్రను ఖాళీగా పెట్టి కొలిచి, ఆ లెక్కను తీసివేస్తారు. వాళ్లూ తీసివేశారు. కానీ ఆ ఖాళీ పాత్రను కొలిచింది మొదటిరోజు, అంతా కొత్తగా, శుభ్రంగా ఉన్నప్పుడు. పాత్ర ఉండేది సున్నాకు రెండు వందల యాభై డిగ్రీలు కింద. దాని చుట్టూ గాలిని ఎంత తోడేసినా ఎక్కడో ఇంత మిగులుతుంది. అది పోయి పోయి ఆ చల్లటి కిటికీల మీదే గడ్డకడుతుంది, ఫ్రిజ్‌లో మంచు పేరుకున్నట్టు. ఒకరోజు కాదు, నలభై రోజులు. చివరిరోజున ఎక్కువ తేలిన ఆ అర పాలు హైడ్రోజన్‌వి కాదు. కిటికీల మీది మంచువి!

పైగా వాళ్లు పెద్ద కోణాలు ముందు చూసి, చిన్న కోణాలు చివర్న చూశారు. అంటే దొంగలెక్క అంతా చిన్న కోణాల్లోకే వచ్చిపడింది. వస్తువు లావయ్యేకొద్దీ చెదిరేవి చిన్న కోణాల్లోనే గుమికూడతాయి కాబట్టి, దానివల్ల ప్రోటాన్ ఉన్నదానికన్నా లావుగా కనబడుతుంది. అచ్చం గంజి పట్టిన పోగులాగే.

“సార్, టైమెంత?”

“మూడు నలభై.”

ఇరవై నిమిషాలు. సింధూజ ఫోను అందుకుంది. హరీశ్ నంబరు బిజీ. ఏసుబాబు సారుది మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ హరీశ్. బిజీ. ‘తెరవొద్దు, ఆగండి’ అని సందేశం కొట్టింది. పంపీ పంపకముందే ఫోను మోగింది. హరీశే. అటు ఏదో అరుస్తున్నాడు, ఇటు షెడ్డులో సాంచెలు. ఒక్క ముక్క వినబడలేదు. నర్సవ్వ పరుగెత్తిపోయి మోటారు ఆపేసింది. సందులో మిగిలిన సాంచెలు దూరంగా వినబడుతున్నాయి గానీ ఇల్లు మాత్రం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

“...తెరిచినం సింధూ! సార్‌కు ఐదింటికి బండి ఉన్నదట, గందుకే మూడున్నరకే తెరిచినం! నీ సరే మధ్యాహ్నమే అచ్చింది గద! సున్నా పాయింట్ ఎనిమిది నాలుగు ఒకటి! ఇంటున్నవా? ఎనిమిది నాలుగు ఒకటి!”

ఆ అంకె సింధూజకు కొత్త కాదు. పదిహేనేళ్లుగా ప్రపంచమంతా ప్రోటాన్ సైజు మీద కొట్లాడి కొట్లాడి, ఇప్పుడిప్పుడే అందరూ ఒప్పుకుంటున్న అంకె అది. తమది దానితో అచ్చుగుద్దినట్టు కలిసింది. తప్పుతో సహా కలిసింది. ఇప్పుడు మంచు లెక్క తీసేస్తే ఆ జవాబు సన్నబడుతుంది, అందరికీ దూరంగా జరుగుతుంది. తియ్యకపోతే, ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. రెండు తీర్ల కొలిస్తే రెండూ ఒకటే వచ్చాయని, మళ్లీ ఒకసారి, స్టేజి మీద చప్పట్లు.

“సింధూజా!” ఏసుబాబు సారు ఫోను అందుకున్నట్టున్నాడు. మనిషి ఆనందంతో ఊగిపోతున్నాడని గొంతే చెబుతోంది. “శభాష్ అమ్మా! ఇద్దరూ నా పరువు నిలబెట్టారు. రేపే పేపరు పంపించేద్దాం. నీ పేరే ముందు. గురువారం ఇంటర్వ్యూలో మన హరీశ్‌ని ఆపేవాడు లేడు. ఫోను స్పీకర్లో పెట్టాను, అందరం ఉన్నాం. ఏదైనా చెప్పు!”

సింధూజ శంకరయ్య సారు వైపు చూసింది. ఆయన కడిగిన పోగును వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు.

“నన్ను సూడకు బిడ్డా” అన్నాడు మెల్లగా. “గీ పరీక్షల నేను ఒకపారి తప్పిన.”

ఆ మాట ఆమెకు చాలు. ఆమె పదహారో ఏట ఆయన లేచి మళ్లీ కూర్చుండిపోయిన కుర్చీలోంచి ఇవాళ తను లేవాలి. ఆయన ఇచ్చిన బతుకుకు తిరిగి ఇవ్వగలిగింది అదొక్కటే.

“సార్, ఆ అంకె మీద గంజి ఉన్నది.”

“ఏముంది?”

చెప్పింది. కిటికీలు, మంచు, అర పాలు, చిన్న కోణాలు. నాలుగు మాటల్లో చెప్పింది.

“కవరు చింపాకా చెప్పేది?” ఏసుబాబు సారు గొంతు దిగిపోయింది. “లోకం ఏమంటుందో తెలుసా? పోనీ, అననీ. నిజమే అనుకుందాం. మంచు ఎంత పట్టిందో ఎలా తేలుస్తావు? ఖాళీ పాత్ర కొలత మొదటిరోజుది ఒక్కటే ఉంది మన దగ్గర. చివరిరోజుది ఎవరూ తియ్యలేదు. అది లేకుండా నువ్వు చెప్పేది ఒట్టి అనుమానం. అనుమానాన్ని పట్టుకుని మూడేళ్ల పనిని, ఆ కుర్రాడి ఉద్యోగాన్ని నీళ్లలో కలుపుతావా అమ్మా?”

చివరి ఆ మూడు రోజులూ సింధూజ జ్వరంతో మంచంలో ఉంది, అక్కడ ఏం కొలిచారో ఆమె చూడలేదు.

అప్పుడు ఫోనులో, దూరంగా, ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకుని లేచిన చప్పుడైంది.

“ఉన్నది సార్” అన్నాడు హరీశ్. “చివరిరోజు ఖాళీ పాత్రను నేను కొలిచిన. లెక్కంత మళ్ల మొదలైతదని ఎవ్వరికి చెప్పలే. గా డేటా నా దగ్గరనే ఉన్నది.”